సారు ఎడమచెయ్యి

మా నర్సింగ్ కాలేజీలో సార్ సంతాపసభకు ఫ్లెక్సీ కొట్టించారు. ఆ ఫ్లెక్సీలో సార్ భుజం మీద మా చైర్మన్ చెయ్యి ఉంది. చైర్మన్ లేడు, ఒట్టి చెయ్యే. మూడు ఉంగరాలు, లావుపాటి గడియారం. ఇరవై రెండేళ్ళు ఆ కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషిది విడిగా తీసిన ఫోటో ఒక్కటి లేకపోయింది వాళ్ళ దగ్గర. ఎప్పటిదో వార్షికోత్సవం గ్రూపు ఫోటోలోంచి ఆయన్ని కత్తిరించి, పెద్దది చేసి, చుట్టూ గులాబీలు అతికించి, కింద "మా మార్గదర్శి" అని రాయించారు. ఆ చెయ్యి తీసేయవయ్యా అని బొమ్మనహళ్ళి ఫ్లెక్సీ షాపువాడికి చెప్పే తీరిక కూడా ఎవరికీ లేకపోయింది. చైర్మన్ హాల్లోకి వస్తూనే దాన్ని చూసి మురిసిపోయాడు.

"చూశారా మేడమ్, సార్‌కీ నాకూ ఎంత క్లోజో!" అన్నాడు నాతో.

ఛీ అనిపించింది. అనిపించి ఏం లాభం, నవ్వాను. ఆ నవ్వు నాకు బాగా అలవాటు. మా కాలేజీలో వైస్ ప్రిన్సిపాల్ ఉద్యోగానికి కావలసిన మొదటి అర్హత అదే.

సార్‌ని కాలేజీ నుంచి ఈ చైర్మనే సాగనంపాడని ఆ హాల్లో కూర్చున్నవాళ్ళలో కొందరికి తెలుసు. అందుకు నేను చేసిన సాయం మాత్రం చైర్మన్‌కు, నాకు, సార్‌కు తప్ప ఎవరికీ తెలియదు. ఇప్పుడు సార్ లేరు. చైర్మన్ చచ్చినా చెప్పడు. అంటే నేను నోరు విప్పితేనే ఆ సంగతి బయటికి వస్తుంది, లేకపోతే సార్‌తోపాటే మట్టిలో కలిసిపోతుంది. ఆ రోజు సభలో మాట్లాడమని నన్నే పిలిచారు. సార్ దగ్గర చదువుకుని అదే కాలేజీలో టీచరైనదాన్ని నేనొక్కదాన్నే మరి.

నేను పదిహేడేళ్ళప్పుడు ప్రకాశం జిల్లా నుంచి బెంగళూరు వచ్చాను. అప్పట్లో మా చర్చీల నుంచి ఆడపిల్లలు గుంపులు గుంపులుగా వచ్చేవాళ్ళు నర్సింగ్ చదవటానికి. అందరిదీ తెలుగు మీడియమే. అందరి పెట్టెల్లోనూ ఒక బైబిలు, ఒక పచ్చడి సీసా. ఇంగ్లీషులో ఎవరైనా పేరు అడిగినా వణికిపోయేవాళ్ళం. సార్ మాకు అనాటమీ చెప్పేవారు, ప్రాక్టికల్స్ కూడా ఆయనవే. కె.ఆర్.పురంలో పుట్టి పెరిగిన తెలుగాయన, వాళ్ళ తాత రైల్వే పనికొచ్చి అక్కడే ఉండిపోయాడట. ఆయన తెలుగు విని మేం వెనక బెంచీల్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్ళం. "గుండె ఎడమపక్క ఉండాది" అనేవారు, ఆడపిల్లల్ని కూడా "అప్పా" అనే పిలిచేవారు. మా యాస తప్ప లోకంలో తెలుగే లేదనుకునే వయసు. ఆయనకు మా నవ్వు వినపడేది. విని తనూ నవ్వేవారు గానీ ఏనాడూ ఒక్క మాట అనలేదు. మాలాంటి తలపొగరు పిల్లల్ని నేనైతే బయట నిలబెట్టేదాన్ని.

ఆయన పద్ధతి ఒకటుండేది. నర్సింగ్ పిల్లలందరికీ ప్రొసీజర్ బుక్ అని ఒకటిస్తారు. ఇంజెక్షన్ ఇవ్వటం, రక్తం తీయటం, సెలైన్‌కు సూది పెట్టటం, ఇలా ఒక్కో పనికి ఒక్కో గడి. పిల్ల ఆ పని తన చేత్తో చేసినట్టు టీచరు చూసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. గడులన్నీ నిండకపోతే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు. సార్ సంతకం పెట్టాలంటే ఆయన కళ్ళెదుట చెయ్యాల్సిందే. అదొక్కటే అయితే కఠినమైన మాస్టారు అనుకుని ఊరుకునేవాళ్ళం. కానీ పేషెంటు మీద మొదటిసారి సూది పట్టనిచ్చేవారు కాదు. "పాపం వాళ్ళు జ్వరంతో వచ్చుంటారు, మీ భయం కూడా వాళ్ళకెందుకప్పా" అనేవారు. చొక్కా చెయ్యి పైకి మడిచి, తన ఎడమచెయ్యి బల్ల మీద చాపేవారు.

మా అందరి మొదటి సూదీ ఆ చేతికే. ఏటా ఒక బ్యాచి. రోజుకి ఇద్దరేసి, కొత్త సూది, కొత్త దూది. కుడిచెయ్యి ఎవరికీ ఇవ్వలేదు, బోర్డు మీద రాయాలి కదా. మోచేతి మడత దగ్గర ఎప్పుడూ నీలం, పసుపు మచ్చలు ఉండేవి, అందుకని ఎండాకాలంలో కూడా ఫుల్ చేతుల చొక్కానే. ఒకసారి బస్సులో చెయ్యి కనపడి పక్కన కూర్చున్నావిడ ఏదో మత్తుమందు మనిషి అనుకుని లేచి వెళ్ళిపోయిందట. "సీటు దొరికెను, కాళ్ళు చాపుకొని కూర్చుంటిని" అని మాకు చెప్పి ఒకటే నవ్వు.

నా వంతు వచ్చినప్పుడు మూడుసార్లు గుచ్చాను. మొదటిసారి నరం పక్కకు జారింది. రెండోసారి చర్మం కింద ఉసిరికాయంత ఉబ్బింది. నా చేతులు చూసి నాకే అసహ్యం వేసింది, ఏడుపొచ్చింది. ఆయన ముఖంలో ఒక్క గీత కదల్లేదు.

"ఏడుపెందుకప్పా? నొప్పేం లేదు. నా చెయ్యి యాడికీ పోదు, ఈడనే ఉండాది. స్వల్ప నిదానంగా రా."

మూడోసారి సిరంజిలోకి ఎర్రగా రక్తం వచ్చింది. నాకంటే ముందు ఆయనే చప్పట్లు కొట్టబోయి, చేతిలో సూది ఉందని గుర్తొచ్చి ఆగిపోయారు. తర్వాత దూది అదుముకుంటూ నా బుక్కులో సంతకం పెట్టారు. ఆ గడిలో ఆయన రక్తం చిన్న చుక్క పడింది. ఆ బుక్కు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. ఉండి ఏం ఉద్ధరించింది నన్ను!

చదువయ్యాక కొన్నేళ్ళు ఆసుపత్రుల్లో పనిచేసి, పై చదువు చదివి, ట్యూటర్‌గా మళ్ళీ ఆ కాలేజీకే వచ్చాను. అప్పటికి కాలేజీ చేతులు మారింది. ఈ చైర్మన్ మా రాష్ట్రం వాడే. అంతకుముందు అపార్ట్‌మెంట్లు కట్టేవాడు, కాలేజీని కూడా అలాగే నడిపాడు. అంతస్తు మీద అంతస్తు వేసి సీట్లు పెంచాడు. మా పిల్లలు పని నేర్చుకోవటానికి అత్తిబెలె వైపు సొంత ఆసుపత్రి ఉందని బోర్డు మీద రాయించాడు. అది నిజానికి తాళం వేసిన బిల్డింగ్. తనిఖీ వాళ్ళు వచ్చే రోజున మాత్రం మంచాలు నిండేవి. మా హాస్టల్ వంటాయన చేతికి సెలైన్ గొట్టం ప్లాస్టరు వేసి అతికించి పడుకోబెట్టేవాళ్ళు. ఒకసారి ఆయన నిజంగానే నిద్రపోయి గురక పెడితే, తనిఖీకి వచ్చిన పెద్దమనిషి "పేషెంటు బాగా రెస్టు తీసుకుంటున్నాడు" అని రాసుకుని భోజనానికి లేచాడు. అలాంటి చోట పనిచేస్తున్నందుకు సిగ్గుపడ్డానా? పడలేదు. హాస్టల్లో అందరికీ చెప్పి నవ్వించాను.

ఆరేళ్ళ కిందట పరీక్షలు దగ్గర పడ్డాయి. ముప్పై ఎనిమిది మంది పిల్లల బుక్కుల్లో గడులు ఖాళీ. వాళ్ళకు ఆసుపత్రే లేదు, ఎలా నిండుతాయి? సార్ ఎడమచెయ్యి ఒక్కటే ఆ పిల్లల ఆసుపత్రి, అది కూడా రోజుకి ఇద్దరికే. అప్పటికి ఆయనకు అరవై దాటింది, నరాలు కూడా గట్టిపడ్డాయి. సార్ చైర్మన్ గదికెళ్ళి, పిల్లల్ని నెలరోజులు ఏదైనా ఆసుపత్రికి పంపండి, అంతదాకా సంతకం పెట్టను అన్నారు. చైర్మన్ మర్యాదగానే పంపేశాడు. ఆ మధ్యాహ్నమే నన్ను పిలిచాడు.

"మేడమ్, చిన్న అడ్జస్ట్‌మెంట్. పిల్లల ఫ్యూచర్ కదా. సార్ పెద్దాయన, టెన్షన్ ఎందుకు ఆయనకి? మీరు సైన్ చేసేయండి. వైస్ ప్రిన్సిపాల్ పోస్టు ఎలాగూ మీకే అనుకుంటున్నా."

పిల్లల ఫ్యూచర్! వాడి నోట ఆ మాట వింటే ఒళ్ళు మండిపోయి ఉండాలి. నా ఒళ్ళు మండలేదు, ఆ చివరి మాటకు చల్లబడింది. స్టాఫ్ రూమ్ తలుపేసుకుని ముప్పై ఎనిమిది బుక్కులు ముందేసుకున్నాను. నేనెంత తెలివైనదాన్నో అప్పుడే తెలిసింది. అన్ని సంతకాలూ ఒకే సిరాతో ఉంటే ఒకే రోజు పెట్టినట్టు దొరికిపోతాం కదా. అందుకని నాలుగు పెన్నులు తెచ్చుకున్నాను. రెండు నీలం, ఒకటి నలుపు, ఒకటి బాగా అరిగిపోయి సన్నగా పడేది. తేదీలు మార్చి, పెన్నులు మార్చి, కొన్ని సంతకాలు హడావిడిగా, కొన్ని నింపాదిగా పెట్టాను. మధ్యలో క్యాంటీన్ నుంచి మిరపకాయ బజ్జీ తెప్పించుకుని తిన్నాను కూడా. సాయంత్రానికి మా కాలేజీ పిల్లలు బెంగళూరులో ఏ పిల్లలూ చెయ్యనన్ని ఇంజెక్షన్లు ఇచ్చేశారు, ఒక్క సూది కూడా విప్పకుండా. ఆ నాలుగు పెన్నుల కిటుకు చైర్మన్‌కు గొప్పగా చెప్పాను. వాడు టేబుల్ చరిచి మెచ్చుకున్నాడు.

మర్నాడు సార్ ఆ బుక్కులు తిరగేశారు. నేను ఎదుటే కూర్చున్నాను. ఒక్కో పేజీ తిప్పుతూ పెన్నులు చూశారు, తేదీలు చూశారు. తిడతారనుకుని జవాబు సిద్ధం చేసుకున్నాను, పిల్లల ఫ్యూచర్ అనే జవాబే. ఆయన కళ్ళజోడు తీసి నావైపు చూశారు.

"ఇన్ని సంతకాలు పెట్టినావే, చెయ్యి నొప్పేమన్నా ఉండాదా అమ్మా?"

ఎత్తిపొడుపు అయితే బాగుండేది. ఎత్తిపొడుపు కాదు. ఆ గొంతు నాకు తెలుసు. నా చెయ్యి నిజంగానే నొప్పిగా ఉంది. లేదు సార్ అన్నాను.

వారం తిరక్కుండానే సార్‌కు శాలువా కప్పి పంపించేశారు. ఆయన సంతకం ఇంక కాలేజీకి అక్కర్లేదు, నాది ఉంది. ఆయన గది నాకిచ్చారు. బొమ్మనహళ్ళిలో మా ఇద్దరిదీ ఒకే తెలుగు చర్చి. ఆదివారం రెండు ఆరాధనలు ఉంటాయి. సార్ రెండోదానికి వస్తారు కాబట్టి నేను మొదటిదానికి మారాను. పొద్దున్నే చలిలో లేచి తయారవుతుంటే భక్తి ముదిరిందని మా ఇంట్లో వాళ్ళు సంతోషపడ్డారు. ఆరేళ్ళు అలా తప్పించుకుని తిరిగాను. ఒక గుమ్మంలోంచి నేను బయటికి వస్తుంటే రెండో గుమ్మంలోంచి ఆయన తెల్లచొక్కా లోపలికి వెళ్ళటం కనపడేది. కనపడగానే చెప్పుల కోసం వెతుకుతున్నట్టు తల దించుకునేదాన్ని.

మొన్న సార్ ఆసుపత్రిలో ఉన్నారని పాస్టరు గారు మొదటి ఆరాధనలోనే ప్రకటించారు. ఇంక తప్పలేదు, వెళ్ళాను. మనిషి సగమయ్యారు. నన్ను చూసి ఎంత సంబరపడ్డారో! "కూర్చో అప్పా, కూర్చో, ఎన్ని దినాలయ్యెను నిన్ను చూసి" అని, మేం అమ్మగారు అని పిలిచే వాళ్ళావిడ చేత కాఫీ పోయించారు. ఒక్క నిష్ఠూరం ఆడలేదు. ఆడి ఉంటే ఆ కాఫీ నా గొంతు దిగేది.

అప్పుడే ఒక నర్సమ్మాయి సెలైన్‌కు కొత్త సూది పెట్టటానికి వచ్చింది. సార్ అలవాటుగా ఎడమచెయ్యి చాపారు. ఆ పిల్ల రబ్బరు పట్టీ కట్టటంలోనే నాకు అర్థమైపోయింది, చేతకాదని. గుచ్చింది, నరం జారింది. మళ్ళీ గుచ్చింది, ఉబ్బింది. చెమటలు పట్టేశాయి దానికి. నేను లోపల మండిపడుతున్నాను, ఎవరు నేర్పారే నీకు పని, ఏ దరిద్రపు కాలేజీ నీది అని. సార్ మాత్రం మెల్లగా చెప్తున్నారు.

"భయపడొద్దప్పా. నొప్పేం లేదు. స్వల్ప కిందికి చూడు, ఆడ నరం ఉండాది. వేలితో తడుము, తొందరలేదు."

ఆయనే ఆ పిల్ల వేలు పట్టుకుని చూపిస్తే మూడోసారికి ఎక్కింది. అమ్మయ్య అనుకుని ఆ పిల్ల తలెత్తి, అప్పుడు నన్ను చూసింది. ముఖం చాటంత అయింది.

"మేడమ్! నేను మీ స్టూడెంట్‌ని. గుర్తుపట్టలేదా మేడమ్? సార్, నా ప్రొసీజర్ బుక్ అంతా ఈ మేడమే సైన్ చేశారు!"

నాకు తల తీసేసినట్టయింది. మంచం కింద చోటుంటే దూరిపోయేదాన్ని. సార్ నావైపు చూడలేదు, ఆ పిల్ల వైపే చూశారు.

"అట్లా! ఈయమ్మ నాకాడ నేర్చుకున్నది. అట్లయితే నువ్వు నాకు మనవరాలి మాదిరి అయితావు" అన్నారు.

ఆ పిల్ల పొంగిపోయింది. నేను కాఫీ గ్లాసు కింద పెట్టి, పనుందని చెప్పి వచ్చేశాను. మళ్ళీ వెళ్ళి క్షమించమని అడగాలనుకున్నాను. రేపు, ఎల్లుండి అనుకుంటుండగానే నాలుగో రోజు ఆయన పోయారు.

ఇప్పుడు ఆ సభ సంగతి. చైర్మన్ ముందు మాట్లాడాడు. సార్ డిసిప్లిన్ గురించి, డెడికేషన్ గురించి ఊదరగొట్టాడు. సార్ లేని లోటు తీర్చటానికి ఆయన పేరు మీద స్కిల్ ల్యాబ్ ప్రారంభిస్తున్నాం అన్నాడు. ఆ ల్యాబ్‌లో ఉన్నదల్లా ఒక ప్లాస్టిక్ చెయ్యి, సూది గుచ్చి నేర్చుకోవటానికి అమ్మేది. కొన్నప్పటి కవరు కూడా విప్పలేదు, పాడైపోతుందట. బీరువాలో పెట్టి తాళం వేశారు, తాళంచెవి చైర్మన్ గదిలో ఉంటుంది. తనిఖీ రోజున మాత్రం బయటికొస్తుంది, మా వంటాయన లాగే. దానికి సార్ పేరు! ఆ మనిషి పేరు పెట్టటానికి వాళ్ళకు నోరెలా వచ్చింది?

నా పేరు పిలిచారు. లేచాను. నాలుగు పెన్నులూ చెప్పేద్దామనే లేచాను. ముందు వరసలో అమ్మగారు తెల్లచీర కట్టుకుని కూర్చుని, నన్ను చూసి కళ్ళతోనే పలకరించారు. పక్కన చైర్మన్ ఉంగరాలు తిప్పుకుంటూ నవ్వుతున్నాడు. "సార్ చూపిన దారిలోనే నేను నడుస్తున్నాను" అన్నాను. నా గొంతు వణికింది కూడా. చప్పట్లు మోగిపోయాయి. ఇద్దరు లెక్చరర్లు కళ్ళు తుడుచుకున్నారు. సిగ్గులేని నోరు ఎంత బాగా పలుకుతుందో ఆ రోజు విన్నాను. చైర్మన్ చెయ్యి ఆ ఫ్లెక్సీలో సార్ భుజం మీదే ఉంది, కనీసం అది ఫోటోగ్రాఫరు నిలబెడితే పడిన చెయ్యి, నా మాట నేనే ఎంచుకున్నది.

సభ అయ్యాక నా గదికొచ్చాను. బల్ల మీద ఈ ఏటి బుక్కులు దొంతరగా ఉన్నాయి. పరీక్షలు ఇంకో నెలే. కూర్చోగానే తలుపు తట్టి మూడో సంవత్సరం అమ్మాయి ఒకతి వచ్చింది. మా ఒంగోలు వైపు పిల్ల, మాట వింటే తెలిసిపోతుంది.

"మేడమ్, ఆఫీసులో ఇయ్యి మీకు ఇచ్చి రమ్మన్నారండీ."

చేతిలో నాలుగు పెన్నులు, రబ్బరు బ్యాండు వేసి కట్టినవి. రెండు నీలం, ఒకటి నలుపు, ఒకటి బాగా అరిగిపోయినది. ఏటా పరీక్షల ముందు అడుగుతుంటాను కాబట్టి, ఎందుకో తెలియకపోయినా, ఈసారి నేను చెప్పాల్సిన పనే లేకుండా ఆఫీసువాళ్ళే అరిగిన పెన్ను వెతికి మరీ కట్టారు. సార్ నేర్పినది ఆ కాలేజీలో ఒక్కటీ మిగల్లేదు గానీ, నేను నేర్పినది నిలబడింది.

"నీ బుక్కు ఏదమ్మా?" అన్నాను. తీసి ఇచ్చింది. రక్తం తీయటం గడి ఖాళీగా ఉంది.

"ఎప్పుడైనా తీశావా?"

"లేదండీ. చూడటం కూడా చూళ్ళేదు. ఆ ప్లాస్టిక్ చెయ్యి అడిగితే తాళం లేదన్నారండీ."

ఆ పిల్లను కూర్చోబెట్టి, సామాను ట్రే తెచ్చాను. జాకెట్టు చెయ్యి పైకి లాగి, ఎడమచెయ్యి బల్ల మీద చాపాను. రబ్బరు పట్టీ నేనే చూపించి కట్టించాను. ఒక్క పిల్లకు చెయ్యి ఇచ్చినంత మాత్రాన నేను పరిశుద్ధురాలిని అయిపోతానన్న భ్రమ నాకేం లేదు. నా సంతకాలు మోసుకుని ఆ ముప్పై ఎనిమిది మంది, ఆ తర్వాతి బ్యాచీల వాళ్ళు ఎక్కడెక్కడో ఎవరెవరి చేతులు పట్టుకుంటున్నారో. అప్పటికి తట్టింది అదొక్కటే, చేశాను.

ఆ పిల్ల గుచ్చింది. నరం జారింది. సూది బయటికి తియ్యకుండా లోపలే అటూ ఇటూ తిప్పి వెతకటం మొదలుపెట్టింది.

రక్తపరీక్షలకు చాలాసార్లు చెయ్యి ఇచ్చాను, అది చీమ కుట్టినట్టుంటుంది. చేతకాని చెయ్యి వెతకటం వేరు. భుజం దాకా లాగేసింది. కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. అమ్మో అని అరవబోయి పళ్ళు బిగబట్టాను.

ఎంత అబద్ధాలకోరు ఆ ముసలాయన! ఒక్క దొంగ సంతకం పెట్టనని ఉద్యోగం వదులుకున్న మనిషి, ఇరవై రెండేళ్ళు, ఒక్కో ఆడపిల్ల ముఖంలోకి సూటిగా చూసి అదే అబద్ధం చెప్పాడు. నేను నమ్మాను. మొన్న ఆసుపత్రిలో నా కళ్ళముందే ఆ చెయ్యి ఉబ్బుతుంటే, అప్పుడూ నమ్మాను.

అమ్మాయి చెయ్యి ఆగిపోయింది. నా ముఖం చూసి హడలిపోయింది.

"నొప్పిగా ఉందా మేడమ్? తీసేయమంటారా?"

"నొప్పేం లేదమ్మా" అన్నాను. "నిదానంగా కానియ్."